ఓటు బరువు: మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో నియోజకవర్గాల అసమానత

ఎన్నికలు న్యాయంగా జరిగాయా అన్న ప్రశ్న మన దగ్గర పోలింగ్ రోజు చుట్టూనే తిరుగుతుంది. యంత్రం సరిగా పనిచేసిందా, డబ్బు పంచారా, ఓట్లు గల్లంతయ్యాయా అని అడుగుతాం. అవన్నీ అడగవలసినవే. కానీ ఓటరు చిట్టీ పట్టుకుని ఇంట్లోంచి బయలుదేరకముందే, ఆ ఓటుకు ఎంత బరువుండాలో నియోజకవర్గపు సరిహద్దు తేల్చేసి ఉంటుంది. ఒకచోట లక్షన్నర మందికి ఒక శాసనసభ్యుడు, మరోచోట ఆరు లక్షల మందికి పైగా ఒక శాసనసభ్యుడు ఉంటే, రెండుచోట్లా పోలింగ్ ఎంత సజావుగా జరిగినా ఓటర్లు సమానులు కారు. ఈ అసమానత దేశంలోనే బాగా కళ్ళకు కట్టే చోట్లలో ఒకటి హైదరాబాద్ ఉత్తర శివారు. మేడ్చల్ శాసనసభ నియోజకవర్గం, దాన్ని కలుపుకున్న మల్కాజిగిరి లోక్‌సభ నియోజకవర్గం ఈ వ్యాసానికి ఆధారం. ఎన్నికల సంస్కరణల్లో మొదట చేయవలసింది రాష్ట్రం లోపలి సరిహద్దులను జనాభాకు తగ్గట్టు ఎప్పటికప్పుడు సరిచేయడమనీ, రాష్ట్రాల మధ్య సీట్ల తగాదా తేలేదాకా దాన్ని ఆపనవసరం లేదనీ ఇక్కడి వాదన.

మేడ్చల్, శామీర్‌పేట, కీసర, ఘట్‌కేసర్ మండలాలు కలిసి మేడ్చల్ నియోజకవర్గం. జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన పనిచేసిన నియోజకవర్గాల పునర్విభజన సంఘం ఈ హద్దులు గీస్తూ ఇచ్చిన ఉత్తర్వు 2008లో అమల్లోకి వచ్చింది. అందుకు లెక్క 2001 జనగణన. అంటే గీత గీసిన రోజుకే ఆ లెక్కకు ఏడేళ్ళ వయసు. ఆ లెక్క తీసిన నాటి శామీర్‌పేట ద్రాక్ష తోటలకు, కూరగాయల మళ్ళకు, పెద్దచెరువుకు పేరుపడ్డ పల్లె ప్రాంతం. ఆ తరువాత తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ విస్తరించింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఈ మండలాల మధ్య నుంచి సాగిపోయింది. ఇటు నాగపూర్ జాతీయ రహదారి, అటు రాజీవ్ రహదారి వెంట తోటలు వెంచర్లయ్యాయి, వెంచర్లు కాలనీలయ్యాయి. జవహర్‌నగర్, దమ్మాయిగూడ, నాగారం, బోడుప్పల్, పీర్జాదిగూడ, పోచారం ఒక్కొక్కటీ పట్టణాలై కూర్చున్నాయి. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. 2022లో శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో సమీకృత కలెక్టరేట్ తెరిచారు. పల్లెలు మునిసిపాలిటీలయ్యాయి, కొన్ని కార్పొరేషన్లయ్యాయి. పాలన తాలూకు ప్రతి గీతా మారింది. శాసనసభ గీత ఒక్కటే 2001 జనాభా దగ్గర నిలిచిపోయింది.

ఫలితం లెక్కల్లో చూడాలి. 2023 నవంబరు 30న శాసనసభ ఎన్నికలు జరిగేనాటికి తెలంగాణ ఓటర్లు సుమారు 3.26 కోట్లు, స్థానాలు 119. సగటున ఒక స్థానానికి 2.74 లక్షలు. మేడ్చల్‌లో ఓటర్లు 6.3 లక్షల పైచిలుకు. పక్కనున్న కుత్బుల్లాపూర్‌లో దాదాపు 7 లక్షలు, శేరిలింగంపల్లిలో 7.3 లక్షలు. రెండో కొసన భద్రాచలంలో సుమారు 1.49 లక్షలు. మేడ్చల్‌లో ఆ ఎన్నికలో రెండో స్థానంలో నిలిచి ఓడిన అభ్యర్థికి లక్షన్నరకు పైగా ఓట్లు వచ్చాయి. భద్రాచలంలో ఉన్న ఓటర్లందరూ కలిసినా దాదాపు అంతే. ఒకచోట ఒక నియోజకవర్గానికి సరిపోయేంత మంది ఇంకోచోట ఓడిన పక్షపు లెక్కలో కలిసిపోయారు. ఇందులో ఎవరూ ఎవర్నీ మోసం చేయలేదు, ఒక్క దొంగ ఓటూ పడనక్కర్లేదు. అయినా నాలుగుంపావు మంది మేడ్చల్ ఓటర్లు కలిస్తే గాని ఒక భద్రాచలం ఓటరుకు సాటిరారు.

భద్రాచలం ఇంత చిన్నదవడానికి కారణం కూడా చెప్పాలి, లేకపోతే అక్కడి గిరిజనులేదో ఎక్కువ దండుకున్నట్టు ధ్వనిస్తుంది. 2014లో పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలను, భద్రాచలం పట్టణం మినహా ఆ మండల గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. నియోజకవర్గంలో పెద్ద భాగం ఇంకో రాష్ట్రానికి పోయింది. మిగిలింది మిగిలినట్టే ఒక స్థానంగా ఉండిపోయింది. ఒకవైపు ఊళ్ళు తెగిపోయిన నియోజకవర్గం, మరోవైపు ఊళ్ళు నగరాలైన నియోజకవర్గం. రెండింటికీ జబ్బు ఒకటే. నేల మీద మారింది కాగితం మీద మారలేదు.

లోక్‌సభ స్థాయిలో ఇది ఇంకా పెద్దది. మేడ్చల్, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, మల్కాజిగిరి, ఉప్పల్, ఎల్.బి.నగర్, సికింద్రాబాద్ కంటోన్మెంట్ కలిసిన మల్కాజిగిరి నియోజకవర్గంలో 2019లో ఓటర్లు 31.5 లక్షలు, 2024లో 37.8 లక్షలు. ఓటర్ల సంఖ్యలో దేశంలో ఇదే అన్నిటికన్నా పెద్దది. తెలంగాణ సగటు ఒక స్థానానికి 19.5 లక్షలు. మహబూబాబాద్‌లో 15.3 లక్షలే. లక్షద్వీప్‌లో అయితే 58 వేలకు లోపే, కానీ అది ప్రత్యేకంగా ఒక ప్రాతినిధ్యం ఇవ్వవలసిన కేంద్రపాలిత ప్రాంతం కనుక దానితో పోలిక పెట్టుకుని బాధపడటం సరికాదు. పోలిక ఒకే రాష్ట్రంలోని రెండు స్థానాల మధ్య ఉండాలి. రాజ్యాంగం 81వ అధికరణం కోరేది కూడా అదే. ఒక రాష్ట్రంలో ప్రతి నియోజకవర్గపు జనాభాకూ దానికిచ్చిన స్థానాలకూ నిష్పత్తి సాధ్యమైనంతవరకు రాష్ట్రమంతటా ఒకేలా ఉండాలి. శాసనసభలకు 170వ అధికరణంలోనూ ఇదే మాట ఉంది. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ రాజకీయాల్లో మనం ఒప్పుకుంటున్న సూత్రాన్ని మనిషికొక ఓటు, ప్రతి ఓటుకూ ఒకే విలువ అని చెప్పారు. ఆ రెండు ముక్కల్లో మొదటిది మేడ్చల్‌లో ఉంది, రెండోది లేదు.

ఓటు విలువ తగ్గడమంటే పుస్తకాల్లోని సూత్రం దెబ్బతినడం మాత్రమే కాదు. ఒక శాసనసభ్యుడు పండుగా పబ్బం లేకుండా రోజుకు వందమంది చొప్పున కలుస్తాడనుకుందాం. ఐదేళ్ళలో 1,82,500 మందిని కలుస్తాడు. భద్రాచలం ఓటర్లందర్నీ చూసి ఇంకా కొన్ని నెలలు మిగులుతాయి. మేడ్చల్‌లో ఆ వేగంతో ఒక చుట్టు పూర్తికావడానికి పదిహేడేళ్ళు పైనే పడుతుంది, అంటే మూడు పదవీకాలాలు దాటిపోతుంది. ఇక్కడి ఓటరు ఎమ్మెల్యే దాకా నేరుగా పోలేడు, మధ్యలో ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకుపోవాలి. ఆ మధ్యవర్తికి లెక్కలేనంత బలం వస్తుంది. నిధుల సంగతీ అంతే. ఎంపీ స్థానిక ప్రాంతాభివృద్ధి నిధి ప్రతి సభ్యుడికీ ఏడాదికి 5 కోట్లు. మల్కాజిగిరిలో పంచితే ఓటరుకు 13 రూపాయలు, మహబూబాబాద్‌లో 32 రూపాయలు పైన.

ఎన్నికల ఖర్చు పరిమితి ఈ అసమానతను ఇంకో దారిలో పెంచుతుంది. 2022 జనవరి నుంచి పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలు, శాసనసభ అభ్యర్థి 40 లక్షలు మించి ఖర్చుపెట్టకూడదు. నియోజకవర్గం ఎంత పెద్దదైనా పరిమితి అదే. 95 లక్షలను మల్కాజిగిరి ఓటర్ల మీద పరిస్తే మనిషికి రెండున్నర రూపాయలు. తపాలా కార్యాలయంలో ఒక ఇన్‌లాండ్ లెటర్ ఖరీదు సరిగ్గా రెండున్నర రూపాయలే. అభ్యర్థి ప్రతి ఓటరుకూ ఒక్కొక్క నీలం ఉత్తరం రాస్తే చట్టం అనుమతించిన సొమ్మంతా దానికే సరిపోతుంది. వాహనం, సభ, కరపత్రం దేనికీ మిగలదు. ఇలాంటిచోట పరిమితిని పాటించేవాడు జనానికి కనిపించడు. ఇంతకుముందే పేరు, సొమ్ము, కళాశాలలు, ఆసుపత్రులు ఉన్నవాడికి పరిమితితో పనే ఉండదు. చట్టబద్ధంగా పోటీ చేయడం సాధ్యంకాని కొలతల్లో నియోజకవర్గాన్ని ఉంచి, తరువాత ఎన్నికల్లో డబ్బు పెరిగిపోయిందని వాపోవడంలో అర్థం లేదు. డబ్బు పెరగడానికి వేరే కారణాలూ ఉన్నాయి, గీతలు సరిచేస్తే అవన్నీ పోతాయని చెప్పడం లేదు. కానీ రెండు లక్షల మందిని నడిచి కలవగలిగిన కొత్త అభ్యర్థి ఆరు లక్షల మంది ముందు మొదట్లోనే చతికిలబడతాడు.

ఈ పరిస్థితి ఎవరి నిర్లక్ష్యంతోనో రాలేదు, తెలిసి చేసిన నిర్ణయం నుంచి వచ్చింది. 1976లో 42వ రాజ్యాంగ సవరణ స్థానాల పంపకాన్ని 1971 జనాభా దగ్గర ఆపేసింది. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలకు సీట్లు తగ్గకూడదన్నది ఉద్దేశం. 84వ సవరణ ఆ నిలుపుదలను 2026 తరువాత జరిగే మొదటి జనగణన వరకు పొడిగించింది. 2003లో 87వ సవరణ ఒక వెసులుబాటు ఇచ్చింది. రాష్ట్రాల వాటా కదపకుండా, రాష్ట్రం లోపలి గీతలను 2001 లెక్కతో సరిచేయవచ్చంది. కుల్దీప్ సింగ్ సంఘం చేసింది ఆ పనే. ఈ సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. రాష్ట్రాల మధ్య వాటా వేరు, రాష్ట్రంలో సరిహద్దులు వేరు, రెండింటినీ విడదీయవచ్చు అని దేశం ఒకసారి చేసి చూపించింది.

పునర్విభజన మాట ఎత్తగానే వచ్చే మొదటి అభ్యంతరానికి ఇదే జవాబు. దక్షిణాది రాష్ట్రాలు జనాభాను అదుపు చేసినందుకు పార్లమెంటులో నష్టపోవాలా అన్నది న్యాయమైన ఆందోళన. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కేరళ, కర్ణాటకలకు అది తోసిపుచ్చలేని ప్రశ్న. అయితే మల్కాజిగిరిని సరిచేయడానికి ఉత్తరాదికి ఒక్క సీటూ ఇవ్వనక్కర్లేదు. తెలంగాణకున్న 17 లోక్‌సభ స్థానాలు 17గానే ఉంటాయి, వాటి మధ్య జనాన్ని మాత్రం మళ్ళీ పంచుతారు. దక్షిణాది ప్రయోజనాన్ని కాపాడే కవచాన్ని దక్షిణాదిలోని ఒక ఓటరుకూ ఇంకో ఓటరుకూ మధ్య అన్యాయాన్ని కాపాడేందుకు వాడుకుంటున్నాం. 2003లో చేసినట్టు మరొక చిన్న సవరణతో లోపలి సర్దుబాటును ప్రతి జనగణన తరువాత తప్పనిసరి చేయవచ్చు.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. 119 స్థానాలను జనాభా ప్రకారం పంచితే హైదరాబాద్ చుట్టుపక్కల స్థానాలు పెరిగి, పాలమూరు, ఆదిలాబాద్ వంటి వెనుకబడిన జిల్లాల్లో తగ్గుతాయి. నగరం ఇప్పటికే అన్నీ లాక్కుంటోంది, శాసనసభను కూడా అప్పగించాలా అని అడిగేవారున్నారు. ఇందులో నిజం లేకపోలేదు. అడవిలో చెదిరిన గూడేలున్న నియోజకవర్గంలో లక్షన్నర మందిని కలవడం, అపార్ట్‌మెంట్లలో మూడు లక్షల మందిని కలవడం కంటే కష్టమే కావచ్చు. పునర్విభజన చట్టం కూడా భౌగోళిక స్వరూపాన్ని, రాకపోకల సౌకర్యాన్ని, పాలనా హద్దులను చూడమంటుంది. బ్రిటన్‌లో నియోజకవర్గాల ఓటర్ల సంఖ్య సగటుకు 5 శాతం అటూ ఇటూ మించకూడదని నియమం, దీవుల్లోని ఐదు స్థానాలకు మాత్రం చట్టమే పేరుపెట్టి మినహాయింపు ఇచ్చింది. మినహాయింపు ఎవరికి, ఎందుకు, ఎంత అనేది చర్చించి రాసుకోవడం ఒక పద్ధతి. ఇరవై ఏళ్ళు పట్టించుకోకపోవడం వల్ల దానంతటదే ఏర్పడ్డ తేడాను వెనుకబడిన ప్రాంతాల రక్షణ అనడం కుదరదు. పైగా శివారులో ఉన్నదెవరు? జవహర్‌నగర్ ఇరుకు గల్లీల్లో, మేడ్చల్ పరిశ్రమల చుట్టూ అద్దె గదుల్లో ఉంటున్నవారిలో చాలామంది ఆ వెనుకబడిన జిల్లాల నుంచి బతకడానికి వచ్చినవారే. ఊళ్ళో ఉన్నంతకాలం వారి ఓటుకున్న బరువు ఊరు వదలగానే సగమైపోవడం వారికి చేసిన మేలు కాదు.

జిల్లాలు నష్టపోకుండా చేసే దారి కూడా చట్టంలో ఉంది. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం 26వ సెక్షను తెలంగాణ శాసనసభ స్థానాలను 119 నుంచి 153కు పెంచాలంది. దాన్ని అమలుచేయాలని కోరిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 జులై 25న కొట్టివేసింది. 170వ అధికరణం నిలుపుదల ఉండగా అది సాధ్యం కాదన్నది తీర్పు సారం. చట్టపరంగా ఆ తీర్పులో తప్పు పట్టలేం. తప్పు ఒక చేత్తో 153 అని రాసి, ఇంకో చేత్తో దాన్ని ఆపే నిలుపుదలను కదపని పార్లమెంటుది. స్థానాలు 153 అయితే సగటు 2.13 లక్షలకు దిగుతుంది. పల్లె జిల్లాల్లో పెద్దగా ఎవరి స్థానమూ పోకుండానే మేడ్చల్ వంటిచోట్ల పెరుగుదలను సర్దవచ్చు.

మూడో అభ్యంతరం ఓటర్ల జాబితా మీద. శివారు జాబితాలు ఉబ్బిపోయి ఉన్నాయనీ, సొంతూళ్ళో ఒక ఓటు, ఇక్కడ ఒక ఓటు ఉన్నవారు చాలామంది అనీ అంటారు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం రెండుచోట్ల నమోదును నిషేధిస్తుంది. అయినా ఈ మాటను కొట్టిపారేయలేం. 2024 మే 13న తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒకేరోజు పోలింగ్ జరిగితే అంతకుముందు రెండు రోజులూ విజయవాడ దారి కార్లతో, బస్సులతో నిండిపోయింది. ఊరికి పోయి ఓటేసిన వారి పేరు ఇక్కడి జాబితాలో కూడా ఉంటే, పోలింగ్ శాతం పడిపోయినట్టు కనిపిస్తుంది. మల్కాజిగిరిలో పోలింగ్ 2019లో 50 శాతం లోపు, 2024లో దానికి కాస్త పైన ఉండటానికి ఇదీ ఒక కారణం కావచ్చు. జాబితా శుద్ధి జరగాలి. కానీ ఎలా జరగాలన్నది ముఖ్యం. 2015లో ఆధార్‌తో ముడిపెట్టి చేపట్టిన శుద్ధిని ఆ ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆపవలసి వచ్చింది. 2018 డిసెంబరు 7న పోలింగ్ కేంద్రాలకు వెళ్ళిన ఎందరో తమ పేర్లు లేవని తెలిసి వెనుదిరిగారు. రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పారు. అద్దె ఇల్లు మారినవాడు, ఇంటికి తాళం వేసి పనికి పోయినవాడు ఇలాంటి ఏరివేతలో మొదట పోతాడు. గడప తట్టి, నోటీసు ఇచ్చి, తీసేస్తున్న పేర్లను ముందే అందరికీ కనిపించేలా పెట్టాకే తొలగించాలి. ఇక వాదనకు వస్తే, మేడ్చల్ జాబితాలో మూడో వంతు పేర్లు తీసేసినా 4.2 లక్షలు మిగులుతాయి. భద్రాచలంలో ఒక్క పేరూ తీయకుండా పోల్చినా అది దాదాపు మూడు రెట్లు. పైగా నియోజకవర్గాలను విభజించేది ఓటర్ల జాబితాతో కాదు, జనాభాతో. పిల్లలు, ఇంకా పేరు నమోదు కానివారు, ఓటేయని వారు కూడా ప్రతినిధి బాధ్యతలోని వారే. అందుకే నగరంలో ఓటేయరు కనుక వారికి ఎక్కువ స్థానాలెందుకన్న మాట కూడా నిలవదు.

గీతలు గీసేవాళ్ళు అధికార పక్షానికి అనుకూలంగా గీస్తే ఏమిటన్న భయం మిగిలింది. 2002 చట్టం ప్రకారం సంఘానికి సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్నవారు లేదా చేసినవారు అధ్యక్షులు. ఎన్నికల సంఘం నుంచి ఒకరు, రాష్ట్ర ఎన్నికల కమిషనరు సభ్యులు. రాష్ట్రానికి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు సలహా చెప్పవచ్చు గాని ఓటు లేదు. ఈ ఏర్పాటు అమెరికాలోని చాలా రాష్ట్రాల కంటే మెరుగు, అక్కడ ఇప్పటికీ శాసనసభలే తమ గీతలు గీసుకుంటాయి. అయినా గీత గీయడంలో పక్షపాతం ఉండవచ్చునన్న భయంతో గీతే గీయకపోవడం ఇంకో రకం పక్షపాతం. అలబామా శాసనసభ 1901 తరువాత అరవై ఏళ్ళు స్థానాలను కదపలేదు. నగరాలు పెరుగుతున్నా పల్లె కౌంటీలదే పెత్తనమైంది. 1964లో అమెరికా సుప్రీంకోర్టు శాసనసభ్యులు ప్రాతినిధ్యం వహించేది మనుషులకే గాని చెట్లకూ ఎకరాలకూ కాదని చెప్పి దాన్ని ఆపింది. 1832కు ముందు మాంచెస్టర్ వంటి పారిశ్రామిక నగరానికి బ్రిటిష్ పార్లమెంటులో సొంత సభ్యుడే లేడు, మనుషులు దాదాపు లేని ఓల్డ్ సేరమ్‌కు మాత్రం ఇద్దరు. అక్కడెవరూ కొత్తగా కుట్ర పన్నలేదు. ఊరు పోయినా గీత పోలేదు.

కావాలనుకుంటే గీతలు ఎంత త్వరగా మారతాయో ఈ శివారే చూసింది. 2025 జనవరి 26తో మునిసిపల్ పాలకవర్గాల గడువు తీరి ప్రత్యేక అధికారులు వచ్చారు. అదే ఏడాది డిసెంబరులో చుట్టుపక్కల 27 పురపాలక సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలిపి, డివిజన్లను 150 నుంచి 300 చేశారు. ఆ తొందరలో అభ్యంతరాలు చెప్పుకునే వ్యవధి చాలలేదన్న ఫిర్యాదు సమంజసమే. కార్పొరేటర్ల గీతలను వారాల్లో మార్చగలిగిన వ్యవస్థకు ఎమ్మెల్యేల గీతలను రెండు దశాబ్దాలుగా మార్చడం చేతకాలేదనడం మాత్రం నమ్మశక్యం కాదు.

సగటు ప్రకారం మేడ్చల్‌కు 119 స్థానాల్లోనైతే రెండు పైచిలుకు, 153లోనైతే మూడు రావాలి. మూడుగా విడదీస్తే నేల మీదే విడతలు కనిపిస్తాయి. వరంగల్ రహదారి పక్కన బోడుప్పల్, పీర్జాదిగూడ, పోచారం, ఘట్‌కేసర్ ఒకటి. కీసర, నాగారం, దమ్మాయిగూడ, జవహర్‌నగర్ ఒకటి. మేడ్చల్, శామీర్‌పేట ఒకటి. ఇందులో ఎక్కువ లాభపడేది కాలనీలవారు కాదు. ఉద్దెమర్రి, కేశవరం, లక్ష్మాపూర్ వైపు ఇంకా సాగు చేసుకుంటున్న రైతులున్నారు. వాళ్ళకు కావలసింది చెరువు నీళ్ళు, కూరగాయలకు మార్కెట్టు, భూమి రికార్డుల్లో తప్పుల దిద్దుబాటు. ఆరు లక్షల మంది ఓటర్లలో వాళ్ళు కొన్ని వేలమంది. బోడుప్పల్ డ్రైనేజీ, జవహర్‌నగర్ చెత్త డంపింగ్ యార్డు గురించి అడిగే గొంతుల మధ్య వాళ్ళ మాట ఏ అభ్యర్థి ప్రసంగంలోకీ రాదు. రెండు లక్షల నియోజకవర్గంలో ఆ కొన్ని వేల ఓట్లు గెలుపోటముల తేడా అవుతాయి, అప్పుడు ఓట్లడగడానికి వచ్చినవాళ్ళు ఉద్దెమర్రి దాకా పోక తప్పదు.